జగ్గమ్మత్త ఉల్లావకాయ

"జగ్గమ్మత్త గారున్నారా?"

ప్రూఫులోంచి తలెత్తిన నారాయణమూర్తికి ముందు జాడీ కనిపించింది. తరవాత ఆ జాడీని చంకనెత్తుకున్న అమ్మాయి కనిపించింది. ఆ తరవాత ఇంక జాడీ కనిపించలేదు.

నీలం వోణీ, ముందుకు జారిన జడ, నరసన్నపేట నుంచి బస్సులో నిలబడి వచ్చినట్టు నుదుటి మీద చెమట. కళ్ళలో మాత్రం ఎవరినో ఒకర్ని నిలబెట్టి కడిగెయ్యాలన్న పట్టుదల. ఆ ఎవరో ఒకరు తనేనని మూర్తికి ఇంకా తెలియదు. అందుకని హాయిగా చూస్తున్నాడు.

"మిమ్మల్నేనండీ. జగ్గమ్మత్త గారున్నారా?"

"లేరండీ. ఆవిడ ఆఫీసుకి రారు. పెద్దావిడ."

"అయితే మీరే సూడండి," అని ఆ అమ్మాయి జాడీని తెచ్చి ప్రూఫు మీద దించింది. వాసెన గుడ్డ విప్పింది.

పక్కగదిలో అక్షరాలు ఏరుకుంటున్న కంపోజిటరు ఎర్రన్న అక్కణ్ణించే కేకేశాడు. "ఓలమ్మో! ఏటి సచ్చిందిరా బాబూ!"

"ఏటీ సావలేదు. మీ పేపర్లో రాసిన ఉల్లావకాయ ఇది," అంది ఆ అమ్మాయి.

మూర్తి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. వాసనొక్కటే కారణం కాదు.

శ్రీకాకుళంలో అచ్చయ్యే 'కళింగ కబురు' వారపత్రిక చదివేవాళ్ళకి జగ్గమ్మత్తని పరిచయం చెయ్యక్కర్లేదు. పసిపిల్లాడికి పళ్ళొస్తూ జ్వరం తగిలినా, పట్టుచీర మీద నూనె ఒలికినా, కొత్తకోడలికి అత్తారింట్లో నిద్ర పట్టకపోయినా జగ్గమ్మత్త దగ్గర జవాబు ఉంటుంది. "అమ్మడూ, భయపడకు" అని మొదలుపెట్టి, ఎదురుగా కూర్చుని తల నిమిరినట్టు రాస్తుంది. జిల్లాలో ఆడవాళ్ళు పత్రికని చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది ఆవిడ వల్లే.

ఆవిడకి పాతికేళ్ళు. మీసాలున్నాయి. బీఏ ప్యాసయి, ఈ పత్రికలో ప్రూఫులు దిద్దుతూ, రోజూ రెండు పూటలా మెస్సులో భోంచేస్తుంది. పేరు నారాయణమూర్తి.

"మీరు ఉప్పు తక్కువ వేసి ఉంటారండీ," అన్నాడు మూర్తి. ఎంత బెదిరినా జగ్గమ్మత్త గొంతు మాత్రం దానంతటదే వచ్చేసింది.

"రాసినంతే వేసినాను."

"తడి చెయ్యి తగిలిందేమో."

"గంట సేపు తుడుసుకున్నాను సేతులు." కాలేజీలో నేర్చుకున్న తెలుగు ఆ అమ్మాయిని వదిలి వెళ్ళిపోతోంది. నరసన్నపేట పైకొస్తోంది. "మావిడికాయ ముక్కలు, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె. కలిపి జాడీకెత్తి మూతెట్టమన్నాది మీ జగ్గమ్మత్త. ఎట్టినాను. వారం తిరక్కుండా పొంగిపోనాది. ఇప్పుడు మా ఈధిలో నా పేరేటో తెలుసా? బీఎస్సీ ఆవకాయ!"

మూర్తికి నవ్వొచ్చింది. ఆ కళ్ళు చూసి మింగేశాడు.

ఆ అమ్మాయి పేరు తాయారు. తండ్రి నరసింగరావు ధాన్యం వ్యాపారి. వేసవిలో తల్లి సుభద్రమ్మ విజయనగరంలో పెద్దకూతురు లక్ష్మి దగ్గరికి వెళ్ళి, అక్కడ పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కాయల కాలమంతా అక్కడే ఉండిపోయింది. అమ్మ వచ్చేసరికి ఊరగాయ పెట్టేసి ఆశ్చర్యపరుద్దామనుకుంది తాయారు. నిజంగానే ఆశ్చర్యపోయింది ఆ తల్లి.

"ఇరుగుపొరుగు వాళ్ళని అడగాల్సింది," అన్నాడు మూర్తి మెల్లగా.

"అడిగితే 'ఇంత సదువు సదివినావు, ఇది రాదేటే' అంతారు. జగ్గమ్మత్త అలాగనదు." తాయారు వాసెన గుడ్డ మళ్ళీ కట్టింది. "అందుకే ఆవిణ్ణి అడిగినాను."

మూర్తికి నవ్వు పూర్తిగా పోయింది.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఆషాఢానికి మా అక్క పుట్టింటికొస్తాది. వేవిళ్ళు. ఉల్లావకాయ తప్ప ఇంకేటీ తిననని కూకున్నాది. జగ్గమ్మత్త తన సేత్తో ఒక్క జాడీ పెట్టి ఇవ్వాల. లేదంటే ఆవిడ ఇల్లెక్కడో సెప్పండి, నేనే ఎల్లి అడుగుతాను."

ఆవిడ లేదమ్మా, నేనే అని చెప్పెయ్యాల్సిన క్షణం అదే. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చెప్పేస్తే ఈ అమ్మాయి జాడీ తీసుకుని వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు.

"ఆవిడ మా మేనత్తేనండీ," అన్నాడు మూర్తి. "శృంగవరపుకోటలో ఉంటుంది. పెట్టిస్తాను. వచ్చేవారం రండి."

*

"ఇంక జగ్గమ్మత్త నావల్ల కాదు గురువుగారూ," అన్నాడు ఆ సాయంత్రం ఎడిటరు జగన్నాధం గారితో.

"ఏం? బాగానే రాస్తున్నావుగా?"

"నాకు వంట రాదు. పిల్లల పెంపకం తెలీదు. తెలీనివన్నీ రాసేస్తున్నాను."

జగన్నాధం గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఒరే మూర్తీ, తెలిసినవాళ్ళే రాయాలంటే మన పత్రికలో ప్రకటనలు తప్ప మిగలవు. నేను వియత్నాం యుద్ధం మీద వారం వారం సంపాదకీయం రాస్తున్నానా లేదా? విశాఖపట్నం దాటి ఎరగను."

"మీ సంపాదకీయం చదివి అమెరికా వాళ్ళు ఉల్లావకాయ పెట్టరు కదండీ."

జగన్నాధం గారు పకపకా నవ్వారు. కానీ జగ్గమ్మత్తని వదలడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మూర్తికి తల్లీ తండ్రీ లేరు. శ్రీకూర్మంలో మామ్మ పెంచింది. పరమ నిష్ఠాపరురాలు. ఉల్లిపాయని గడప తొక్కనిచ్చేది కాదు. ఉల్లావకాయ అనేది ఒకటుందని మూర్తికి కాలేజీకొచ్చి మెస్సులో తిన్నప్పుడే తెలిసింది. బ్రహ్మాండంగా ఉంది. ఆవకాయలో ఉల్లిపాయ వేస్తే ఉల్లావకాయ అవుతుందని అప్పుడే తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానాన్నే ఈ మే నెలలో అచ్చేశాడు.

ఇప్పుడు మెస్సు నడిపే కూర్మమ్మ దగ్గరికి వెళ్ళాడు. అతను అద్దెకుంటున్న ఇంటావిడ లక్ష్మణమ్మ కూడా అక్కడే ఉంది.

"ఉల్లిపాయలు రుబ్బాల," అంది కూర్మమ్మ.

"రుబ్బితే చేదొస్తాది. సన్నంగా తరగాల," అంది లక్ష్మణమ్మ.

"మీ ఇంట్లో తరుగుతారు కాబట్టే అలాగుంతాది!"

"ఎలాగుంతాదేటి? పోయినేడు గిన్నె నాకింది ఎవులు?"

ఉండలు చెయ్యాలా, పలచగా పరవాలా అన్న చోట ఇద్దరూ కొంగులు బిగించారు. ఇన్నేళ్ళుగా పెడుతున్నవాళ్ళకే ఒక్క మాట లేదు. తను మాత్రం ఎక్కడా తడుముకోకుండా రాసేశాడు. ఆ సంగతి తలుచుకుంటే మూర్తికి సిగ్గేసింది.

"మరి ఎండబెట్టక్కర్లేదా?" అని ఇద్దరినీ ఒకేసారి అడిగేసరికి ఇద్దరూ ఒక్కటైపోయారు.

"ఎండెట్టకుండా ఉల్లావకాయేటి? ఉల్లిలో నీరు లాగెయ్యాల కదా! ఎవులు సెప్పినారు నీకు?"

"పేపర్లో చదివాను."

"ఆ రాసినావిడ సేతులిరగ్గొట్టాల," అంది కూర్మమ్మ.

మూర్తి చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

*

తాయారు తరవాతి వారమూ వచ్చింది. సంతకి చివరి కాయలు వచ్చాయని విని, ఏరి, సంచీ నిండా తెచ్చింది. ఇచ్చి వెళ్ళిపోతే సరిపోయేది. కానీ బల్ల ఎదుట కూర్చుంది.

"మీ అత్త ఎలాగుంటారండీ?"

"మామూలుగానే ఉంటుందండీ."

"మామూలుగా అంటే? తెల్లగానా? లావుగానా?"

"చామనఛాయ. సన్నగా ఉంటుంది. ముక్కుకి రెండు పక్కలా పుడకలు." మూర్తికి ఊపు వచ్చింది. రాసే అలవాటున్నవాడికి ఎదురుగా ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు దొరకడమే ప్రమాదం. "సాయంకాలం అరుగు మీద కూర్చుని అడ్డచుట్ట కాలుస్తుంది. నిప్పు లోపలికి పెట్టుకునే మాట్లాడుతుంది."

"మా నాయనమ్మా అంతే!" తాయారు ముఖం వెలిగిపోయింది. "మాట్లాడతన్నప్పుడు పొగ ముక్కులోంచి వస్తాది కదా?"

"వస్తుందండీ."

"నన్నోసారి తీసుకెళ్ళరా ఆవిడ దగ్గరికి?"

"ఆవిడకి... కొత్తవాళ్ళంటే మొహమాటం."

"నేను కొత్తదాన్నేటి? వారం వారం మాట్లాడుకుంతన్నట్టే ఉంటాది నాకు."

ఆ రోజు వెళ్ళేటప్పుడు "అత్తని అడిగినానని సెప్పండి" అంది తాయారు. ఆ పై వారం ఏ పనీ పెట్టుకోకుండానే వచ్చి, అత్తకని చలివిడి గిన్నె ఇచ్చి, ఆవిడకి ఇష్టమేనా అని అడిగింది. నీకిష్టమేనా అని తనని ఎవరూ అడగలేదు. తను పుట్టించిన ముసలావిడ మీద తనకే ఒళ్ళు మండటం ఎక్కడైనా ఉందా? మూర్తికి మండింది. ఆ చలివిడి తిన్నది తనే అయినా మండింది.

తాయారు మీద ప్రేమ అని ఆ మంటకి పేరు పెట్టుకోవడానికి అతనికి ఎక్కువ కాలం పట్టలేదు. పట్టిందల్లా భయం. ఉల్లావకాయ కుదరకపోతే పోనీ మళ్ళీ పెట్టుకోవచ్చు. ఈ అబద్ధం బయటపడితే తాయారు మళ్ళీ ఈ గుమ్మం ఎక్కదు.

*

మృగశిర కార్తె వెళ్ళిపోయింది. ఎండ ఉన్న పూట ఉంది, లేని పూట లేదు. మూర్తి ప్రెస్సు డాబా మీద చాప వేసి, పాతపంచె పరిచి, దాని మీద ఉల్లావకాయ ఉండలు ఆరబెట్టాడు. సగం కూర్మమ్మ మాట ప్రకారం రుబ్బినవి, సగం లక్ష్మణమ్మ మాట ప్రకారం తరిగినవి. ఎవరికీ కోపం రాకూడదు కదా. తలకి తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కటీ తిరగేస్తున్నాడు. ఉల్లిఘాటుకి కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

కింద ఎవరో ఏదో అడుగుతున్నారు. "మూర్తి బాబా? డాబా మీద ఎండెట్టుకుంతన్నాడమ్మా," అని ఎర్రన్న చెప్పడం వినిపించింది.

మూర్తి లేచేలోపే మెట్లమీద పట్టీల చప్పుడు ఆగింది.

తాయారు అతన్ని చూసింది. చాపని చూసింది. ఉండల్ని చూసింది. నోరు తెరిచింది.

అప్పుడే మొదటి చినుకు మూర్తి ముక్కు మీద పడింది.

"వాన!" అని అరిచాడు.

"సూస్తన్నారేటి? పట్టండి ఆ కొస!" అని వోణీ నడుముకి దోపుకుని తాయారు పరిగెత్తుకొచ్చింది.

ఇద్దరూ చాప చెరో కొసా పట్టుకున్నారు. ఉండలు అటూ ఇటూ దొర్లాయి. "ఇటొంచకండీ!" "మీరే ఎత్తేస్తున్నారు!" "అయ్యో, ఆ మూల!" అంటూ మెట్లగదిలోకి చేరేసరికి వాన ఊరంతా మీద పడ్డట్టు పడింది. తాయారు జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. మూర్తి కారం చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత ఎగిరాడు.

"అబ్బ! ఆగండి, ముట్టుకోకండి." తాయారు వానలోకి దోసిలి చాపి నీళ్ళు పట్టి అతని కళ్ళ మీద కొట్టింది. మళ్ళీ పట్టి మళ్ళీ కొట్టింది. ఆ చల్లదనంలో అతను కళ్ళు తెరిచేసరికి తాయారు ముఖం జానెడు దూరంలో ఉంది. కనురెప్పల మీద వానచుక్కలు నిలిచి ఉన్నాయి.

"మంట తగ్గినాదా?"

"లేదు," అన్నాడు మూర్తి నిజాయితీగా.

తాయారు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"జగ్గమ్మత్త ఏదండీ?"

వాన గట్టిగా కురుస్తోంది. అబద్ధం చెప్పడానికి ఇంక చోటు లేదు.

"నేనేనండీ."

"శృంగవరపుకోట?"

"నేనెప్పుడూ వెళ్ళలేదు."

"ముక్కుపుడకలు?"

మూర్తి తల వంచుకున్నాడు.

తాయారు తడిసిన వోణీ కొస పిండుకుంది. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది మూర్తికి.

"మీకు వంట రాదని నాకు కోపం లేదండీ. నాకూ రాదు. మే నెలంతా ఆ ఇంట్లో నాన్నా, నేనే. అమ్మకెలాగున్నాదో అని భయం. ఏది వండినా మాడిపోయేది. 'అమ్మడూ, భయపడకు' అని సదువుకుని పొయ్యి ముట్టించేదాన్ని. ఆవిడ లేదని మొదటి రోజే సెప్పుంటే జాడీ మీ నెత్తిన గుమ్మరించి, నవ్వుకుని ఎల్లిపోదును. సెప్పలేదు. నా ఎదురుగా కూకుని ఆవిడికి ముక్కుపుడకలెట్టినారు. అడ్డచుట్ట ఇచ్చినారు. నేను అత్తకి సలివిడి తెచ్చినాను."

"తాయారు గారూ..."

తాయారు వానలోకి దిగి వెళ్ళిపోయింది. గొడుగు ఇద్దామన్నా మూర్తికి గొడుగు లేదు.

*

ఆ వారం చివరి పేజీకి జగ్గమ్మత్త రాలేదు. "ఉల్లావకాయ గురించి నాకు తెలియదు" అన్న శీర్షిక కింద ఆర్. నారాయణమూర్తి అన్న పేరు ఉంది. ఇన్నాళ్ళూ జగ్గమ్మత్త పేరుతో రాసింది తనేననీ, ఉల్లిలో నీరుంటుందన్న సంగతి కూడా తనకి తెలియదనీ, ఎవరి జాడీ పాడైతే వాళ్ళు ఆఫీసుకొచ్చి తిట్టవచ్చుననీ రాశాడు. కూర్మమ్మ పద్ధతీ, లక్ష్మణమ్మ పద్ధతీ పక్కపక్కన వేసి, ఏది సరైందో తేల్చే అర్హత తనకి లేదని చెప్పాడు. చివర ఒక మాట చేర్చాడు. "మీలో ఒకరు జగ్గమ్మత్తని నిజంగా నమ్మారు. ఆవిడ అబద్ధం. మీరు భయపడకూడదని నేను కోరుకున్నది మాత్రం అబద్ధం కాదు."

జగన్నాధం గారు చదివి, మళ్ళీ చదివి, "పత్రిక మునుగుతుందిరా," అని నిట్టూర్చి అచ్చుకిచ్చారు.

మునగలేదు. తిట్టడానికి ఆడవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు, తలో సీసాలో తమ ఇంటి ఉల్లావకాయ తెచ్చారు. "ఇది తిని రాయి బాబూ, సరైంది" అన్నారు. ఎర్రన్న వారం రోజులు కూర వండుకోలేదు.

తాయారు మాత్రం రాలేదు. ప్రతి గాజుల చప్పుడుకీ గుమ్మంవైపు చూసి చూసి మూర్తికి మెడ పట్టేసింది. నూనెలో నానిన ఉండల్ని కొత్త జాడీలోకి ఎత్తి, వాసెన కట్టి, నరసన్నపేట బస్సెక్కాడు.

నరసింగరావు ఇంట్లో అందరూ వసారాలోనే ఉన్నారు. సిమెంటుకట్టు చేత్తో సుభద్రమ్మ, అప్పుడే అత్తవారింటి నుంచి వచ్చి వాడిపోయి చాప మీద కూర్చున్న లక్ష్మి, పడక్కుర్చీలో నరసింగరావు. తాయారు అతన్ని చూసి చటుక్కున లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడింది. వోణీ చెంగు మాత్రం బయటికి కనిపిస్తోంది.

"నువ్వేనా బాబూ జగ్గమ్మవి?" అన్నాడు నరసింగరావు.

"అవునండీ."

సుభద్రమ్మ జాడీ విప్పించి వాసన చూసింది. లక్ష్మి ఆగలేదు. ఒక ఉండ తీసి నోట్లో వేసుకుంది. అందరూ ఆవిడ దవడ వైపే చూస్తున్నారు.

"ఉప్పెక్కువ," అంది లక్ష్మి. ఇంకోటి తీసుకుంది. మూడోది తీసుకున్నప్పుడు సుభద్రమ్మ కళ్ళొత్తుకుంది. కూతురు నాలుగు రోజులుగా ఏమీ తినలేదు.

"సూడు బాబూ," అన్నాడు నరసింగరావు, "ఇది ఎవుల సేతో పంపినా సరిపోను. పని మానుకుని నువ్వొచ్చినావు. ఎందుకు?"

బస్సులో వరసపెట్టుకున్న వాక్యాలన్నీ చెదిరిపోయాయి. ఒక్కటి మిగిలింది.

"మీ తాయారుని నాకిచ్చి పెళ్ళి చేస్తారేమో అడుగుదామనొచ్చానండీ."

లక్ష్మి నమలడం ఆపింది. సుభద్రమ్మ కట్టు చేత్తోనే నోరు నొక్కుకుంది.

"ఆషాఢం ఈయాలే వొచ్చినాది. పెళ్ళి మాట ఎత్తకూడదు కదా! పసిపిల్లకైనా తెలుస్తాది. నీకు తెల్దేటి బాబూ?" అంది సుభద్రమ్మ.

మూర్తికి ఎవరు చెప్పాలి? మామ్మ ఇంట్లో పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. సర్దుకోవచ్చు. ఏదో ఒకటి అల్లెయ్యవచ్చు, అందులో ఘటికుడే. అల్లలేదు.

"తెలీదండీ."

నరసింగరావు మీసం నిమురుకుంటూ భార్య వైపు చూశాడు.

అప్పుడు తలుపు చాటు నుంచి వినిపించింది.

"నాకూ తెల్దమ్మా."

నరసన్నపేటలో పుట్టి పెరిగి, ఇందాక అక్కని ఆషాఢానికి అత్తారింటి నుంచి తీసుకొచ్చిన పిల్ల ఆ మాట అంది. లక్ష్మికి పొరమారింది. నరసింగరావు పడక్కుర్చీ కదిలిపోయేలా నవ్వాడు. సుభద్రమ్మ కోపంగా చూద్దామని తలుపు వైపు తిరిగింది కానీ, ఆ ఎర్రబడ్డ ముఖం చూసేసరికి ఆవిడకీ నవ్వాగలేదు.

"శ్రావణం వొచ్చినదాకా ఈ మాట ఎవులూ అన్లేదు, ఎవులం ఇన్లేదు," అంది ఆవిడ. "కాళ్ళు కడుక్కో బాబూ. ఒసే తెల్దూ, బావకి నీలియ్యి."